1929లో ముత్తులక్ష్మి రెడ్డి ముందు భూమి ఇప్పించారు: రెండు తెలుగు రాష్ట్రాల శాసనసభ్యులకు బహిరంగ లేఖ

గౌరవనీయులైన ఆంధ్రప్రదేశ్, తెలంగాణ శాసనసభల, శాసనమండళ్ల సభ్యులకు,

నమస్కారం.

మా అమ్మను బడిలో వేసింది 1956లో. ఆ బడి రిజిస్టరులో తండ్రి పేరు రాసే గడిలో ఉన్నది ఆమె తండ్రి పేరు కాదు, మేనమామ పేరు. మాది కళావంతుల ఇల్లు, ఆటపాటలే జీవనంగా బతికిన కులం. మండపేట దగ్గర పల్లె. అమ్మమ్మ మేళంలో పాడేది, ఆడేది. పెళ్లికి మేళం పెట్టించడం ఆ రోజుల్లో కలిగినవాళ్ల హోదా. సరిగ్గా ఆ ఏడాదే, ఆడపిల్లలను గుడికి అంకితం చేయడాన్ని నిషేధించిన మద్రాసు దేవదాసీ చట్టానికి ఆంధ్రలో సవరణ తెచ్చి, మా కులం ఆడవాళ్లు పెళ్లిళ్లలో, వేడుకల్లో ఆడటాన్ని నేరం చేశారు. అమ్మమ్మ మేళం ఆగిపోయింది. బడిలో కూతురికి తండ్రి పేరు లేదన్న చిన్నచూపు అలాగే ఉంది, పొయ్యి వెలిగించే పని మాత్రం పోయింది. ఆ తర్వాత ఇల్లు ఎలా నడిచిందో అమ్మ ఇప్పటికీ పూర్తిగా చెప్పదు. వడ్లు దంచింది, పచ్చళ్లు పెట్టి అమ్మింది అంటుంది. కొన్నేళ్ల గురించి అడిగితే మాట మారుస్తుంది.

నాకు తెలిసిన అమ్మమ్మ అప్పటికే అరవై దాటిన మనిషి. మధ్యాహ్నం భోజనాలయ్యాక వీధి తలుపు గడియ పెట్టి, కిటికీ రెక్కలు కూడా మూసి, చాప మీద కూర్చుని క్షేత్రయ్య పదం సన్నగా పాడుకునేది. కాళ్లు కదిపేది కాదు. కుడి చెయ్యి మాత్రం పదంలోని మాటకు తగ్గట్టు దానంతట అదే లేచేది. బయట ఎవరైనా తలుపు తట్టారంటే ఆ చెయ్యి వెంటనే విసనకర్ర మీదికి పోయేది. ముప్పై ఏళ్ల కిందట వచ్చిన ఒక సవరణకు ఆ చెయ్యి ఇంకా భయపడుతోందని నాకప్పుడు తెలియదు. లా చదివాక తెలిసింది.

ఈ లేఖ ఆ సవరణ చేసినవాళ్లను నిందించడానికి కాదు. చట్టం చేసే పని ఇప్పుడు మీ చేతిలో ఉంది. అదే పనిని, ఇదే విషయం మీద, మీకు దాదాపు వందేళ్ల ముందు ఒకావిడ చేశారు. ఆమె ఎక్కడ సరిగ్గా పట్టుకున్నారో, ఎక్కడ పొరబడ్డారో మీకు చెప్పాలని రాస్తున్నాను.

ఆమె డాక్టర్ ముత్తులక్ష్మి రెడ్డి. పేరు విన్నవాళ్లు కూడా ఆమెది తమిళనాడు కథ అనుకుని వదిలేస్తారు. కానీ 1926లో ఆమె అడుగుపెట్టిన మద్రాసు శాసనమండలి శ్రీకాకుళం నుంచి చిత్తూరు దాకా, కర్నూలు, కడప, అనంతపురం దాకా మనకూ చట్టాలు చేసిన సభే. మన జిల్లాల నుంచి గెలిచినవాళ్లు ఆమె పక్కనే కూర్చున్నారు, ఆమె తీర్మానాల మీద చేతులెత్తారు. మా ఊరికి కూడా తొలి మహిళా శాసనసభ్యురాలు ఆమే. తెలంగాణ అప్పుడు నిజాం రాజ్యంలో ఉంది కాబట్టి ఆమె చట్టాలు అక్కడికి పోలేదు. అయినా తెలంగాణ సభ్యులకూ ఈ లేఖ ఎందుకన్నది నారాయణపేట మాట వచ్చినప్పుడు చెబుతాను.

ఆమె పుట్టింది 1886 జూలై 30న, పుదుక్కోట్టై సంస్థానంలో. తండ్రి నారాయణస్వామి అయ్యర్ బ్రాహ్మణుడు, అక్కడి మహారాజా కాలేజీ ప్రిన్సిపాలు. తల్లి చంద్రమ్మాళ్ దేవదాసీ కుటుంబంలో పుట్టిన మనిషి. ఈ సంగతి తెలియకపోతే ఆమె తర్వాత చేసిన పనుల్లోని మొండితనం అర్థం కాదు. ఏ ఇంట్లో నుంచి ఆడపిల్లను గుడికి కట్టేస్తారో అలాంటి ఇంటి పిల్ల, మగపిల్లలు మాత్రమే చదివే కాలేజీలో సీటు అడిగింది. తల్లిదండ్రులు కొందరు గొడవ చేశారు. మహారాజు పట్టుబట్టి చేర్చుకోమన్నారు. 1907లో మద్రాసు మెడికల్ కాలేజీలో చేరి 1912లో డాక్టరై బయటికొచ్చారు. ఎగ్మూరు ప్రసూతి ఆస్పత్రిలో తొలి మహిళా హౌస్ సర్జన్ ఆమే. 1914లో డాక్టర్ సుందర రెడ్డిని బ్రహ్మసమాజ పద్ధతిలో పెళ్లి చేసుకుంటూ ముందే ఒక షరతు పెట్టారు: నన్ను సమానంగా గౌరవించాలి, నేను చేయదలచుకున్న పనికి అడ్డు రాకూడదు. ఆయన ఒప్పుకున్నారు, మాట నిలబెట్టుకున్నారు. 1925లో భార్య పై చదువుకి ఇంగ్లండు వెళితే ఆయనా, పిల్లలూ వెంట వెళ్లారు.

సభలోకి రావాలని ఆమె కలలు కనలేదు. మద్రాసు రాజధానిలో 1921లోనే ఆడవాళ్లకు ఓటు వచ్చింది, అదీ ఆస్తి ఉన్న కొద్దిమందికే. పోటీ చేసే హక్కు 1926 దాకా రాలేదు. ఆ ఏడాది మంగళూరు వైపు నుంచి పోటీ చేసిన కమలాదేవి చట్టోపాధ్యాయ కొద్ది ఓట్ల తేడాతో ఓడిపోయారు. ఆడమనిషి ఒక్కరైనా సభలో ఉండాలని మహిళా భారత సంఘం పట్టుబట్టడంతో ప్రభుత్వం ముత్తులక్ష్మిని నామినేట్ చేసింది. వైద్యం వదిలి రాజకీయమేమిటని ఆమె మొదట వెనకాడారు. తర్వాత ఒప్పుకున్నారు. 132 మంది సభలో ఒక్కరే ఆడమనిషి. ఆ సభే ఆమెను ఏకగ్రీవంగా ఉపాధ్యక్షురాలిగా ఎన్నుకుంది.

ఇక్కడ మీతో ఒక్కమాట. ఆమె వెనక పార్టీ లేదు. నియోజకవర్గం లేదు. మంత్రి పదవి లేదు. మీలో మొదటిసారి గెలిచి, వెనక వరుసలో కూర్చుని, మాట్లాడటానికి రెండు నిమిషాలు దొరకడం కష్టంగా ఉందనుకునేవాళ్లకు ఉన్నన్ని బలాలు కూడా ఆమెకు లేవు. ఉన్నవి తీర్మానం పెట్టే హక్కు, ప్రశ్న అడిగే హక్కు, అనధికార బిల్లు, అంటే మంత్రి కాని సభ్యులు సొంతంగా పెట్టే బిల్లు, తెచ్చే హక్కు. ఆ మూడూ మీకూ ఉన్నాయి.

వాటితో నాలుగేళ్లలో ఏమేం పట్టుకున్నారో చూడండి. స్త్రీలకు, పిల్లలకు ప్రత్యేక ఆస్పత్రి కావాలన్నారు. బడిపిల్లలకు వైద్యపరీక్షలు చేయాలన్నారు. ముస్లిం ఆడపిల్లలు చదువుకోవడానికి హాస్టల్ కావాలన్నారు. అమ్మాయి పెళ్లి వయసు 16కి, అబ్బాయిది 21కి పెంచాలని 1928లో తీర్మానం తెచ్చారు. మరుసటి ఏడాది ఢిల్లీలో వచ్చిన శారదా చట్టం 14, 18 దగ్గరే ఆగిపోయింది. వ్యభిచార గృహాల మీద 1930లో వచ్చిన మద్రాసు చట్టం వెనకా ఆమె శ్రమ ఉంది. ఇవన్నీ గొప్పవే. కానీ నేను ఆగేది దేవదాసీ బిల్లు దగ్గర. మామూలుగా ఆ కథను అందరూ ఒక్క వాక్యంలో తేల్చేస్తారు, దేవదాసీ వ్యవస్థను నిషేధించారు అని. అది సగం అబద్ధం. ఆమె సభలో ఉండగా నిషేధం రానే లేదు. వచ్చింది వేరే. ఆ వేరేదే మీరు చూడాలి.

గుడికి అంకితమైన ఆడమనిషికి మాన్యం ఉండేది. రెండెకరాలో నాలుగెకరాలో, రాజులిచ్చిందో జమీందారిచ్చిందో. ఆ భూమి ఆమెది కాదు, ఆమె చేసే సేవది. దీపారాధనకు నిలబడాలి, కుంభహారతి పట్టాలి, ఉత్సవానికి ఆడాలి. సేవ ఆగితే భూమి పోతుంది. ఆమె ముసలిదైతే? ఇంట్లో ఇంకో ఆడపిల్ల ఆ సేవలో ఉండాలి, లేకపోతే తల్లి, మేనత్త, తమ్ముళ్లు, వాళ్ల పిల్లలు, మొత్తం ఇల్లు ఆ గట్టు దిగి బయటికి రావాలి. అందుకని ఎనిమిదేళ్ల పిల్లకు గజ్జె కడతారు. బయటివాళ్లకు అది మూఢభక్తిలా కనబడుతుంది. లోపల మాత్రం అది పట్టాదారు పాసుపుస్తకం. పిల్లే ఆ పాసుపుస్తకం.

ఈ ముడిని ఆమె పట్టుకున్నారు. వ్యభిచారం కోసం మైనరు పిల్లలను అమ్మినా కొన్నా శిక్ష వేసే 372, 373 సెక్షన్లు శిక్షాస్మృతిలో అప్పటికే ఉన్నాయి. చట్టం ఉంది కదా, ఇంకొకటి ఎందుకని సభలో అన్నవాళ్లూ ఉన్నారు. ఉన్నా అది ఆగలేదు. జైలు భయం ఒకవైపు, ఇంటిల్లిపాది తిండి ఒకవైపు పెడితే ఏ తల్లి అయినా ఎటు మొగ్గుతుంది? 1927 నవంబరులో ఆమె పెట్టిన తీర్మానాన్ని సభ ఆమోదించింది. ఆ తర్వాత బిల్లు తెచ్చారు. మన కాళహస్తిలో పుట్టిన పానగల్ రాజా ప్రభుత్వం అంతకు కొద్దికాలం ముందే హిందూ ధర్మాదాయాల చట్టం తెచ్చింది. ఆమె బిల్లు ఆ చట్టానికి ఒక సవరణ. అదే 1929లో చట్టమైంది.

ఆ సవరణ చెప్పింది ఇంతే. దేవదాసీల చేతిలో ఉన్న ఇనాం భూములకు సేవతో ఉన్న లంకె తెగిపోతుంది. ప్రభుత్వం ఆ భూమి మీద క్విట్ రెంటు, అంటే సేవకు బదులుగా కట్టే శిస్తు, నిర్ణయిస్తుంది. శిస్తు కట్టుకుని భూమి ఉంచుకోవచ్చు, గుడిలో సేవ చేయమని ఎవరూ బలవంతపెట్టడానికి లేదు. అంటే రేపు పొద్దున ఆ ఇంట్లో ఏ పిల్లకూ గజ్జె కట్టనక్కర్లేదు, అయినా గట్టు దిగక్కర్లేదు.

నేను ఇరవై ఏళ్లుగా కోర్టుల్లో తిరుగుతున్న మనిషిని. ఒక సవరణలో ఇంత మనసు పెట్టిన డ్రాఫ్టింగు చాలా అరుదుగా చూశాను. ఎవరినీ దోషిగా నిలబెట్టలేదు. ఎవరినీ జైలుకు పంపలేదు. తల్లి చేతిలో నుంచి పిల్లను విడిపించడానికి తల్లి చేతిలో భూమి పెట్టారు.

నిషేధం బిల్లు దీని తర్వాత వచ్చింది. 1930లో దాన్ని సభ ముందు పెట్టారు. అదే మేలో గాంధీజీని అరెస్టు చేశారు. నిరసనగా ఆమె రాజీనామా చేశారు. బిల్లు అక్కడే ఆగిపోయింది. స్వాతంత్ర్యం వచ్చాక, 1947 చివర్లో గానీ దేవదాసీ అంకితాన్ని నిషేధించే మద్రాసు చట్టం రాలేదు. పదిహేడేళ్లు. ఆ రాజీనామా సరైనదేనా అని నాకు చాలాసార్లు అనిపించింది. ఉద్యమం ఊపులో ఉన్న రోజులవి, ఆమె నిలబడాల్సిన చోట నిలబడ్డారు, కాదనను. కానీ ఆ పదిహేడేళ్లలో గజ్జె కట్టిన పిల్లల్లో మా అమ్మమ్మ కూడా ఉంది.

ఆమెను దేవతను చేయమని మిమ్మల్ని అడగడం లేదు. ఆమె పొరబడిన చోటు కూడా మీకు చెప్పాలి, ఎందుకంటే అదే పొరపాటు ఆ తర్వాతి సభలన్నీ చేశాయి. 1927లో బిల్లు మాట బయటికి రాగానే మద్రాసు దేవదాసీలు సంఘం కట్టుకుని వినతిపత్రం ఇచ్చారు. మా అందరినీ ఒక్క గాటన కట్టి వేశ్యలనకండి, మాకు చదువు చెప్పించండి, కళ నేర్పించండి, మా బాగు మమ్మల్ని చూసుకోనివ్వండి అన్నది దాని సారం. తిరువయ్యారులో త్యాగరాజస్వామి సమాధిని తన సొమ్ముతో కట్టించిన బెంగళూరు నాగరత్నమ్మ కూడా బిల్లును వ్యతిరేకించినవాళ్లలో ఉన్నారు. సభలో సత్యమూర్తి లాంటి పెద్ద కాంగ్రెసు నాయకుడు సంప్రదాయం పేరు చెప్పి అడ్డుపడ్డారు. ఈ రెండు వ్యతిరేకతలూ ఒకటి కాదు. సత్యమూర్తికి గుడి ముఖ్యం, నాగరత్నమ్మకు తన బతుకు, తన పాట ముఖ్యం. ముత్తులక్ష్మి ఆ తేడా పట్టించుకోలేదు. ఆమె ప్రసంగాల్లో పవిత్రత, కళంకం లాంటి మాటలు పదే పదే వస్తాయి. వైద్యురాలిగా సుఖరోగాలతో వచ్చిన పిల్లలను చూసిన కళ్లవి, ఆ కోపం నాకు అర్థమవుతుంది. కానీ 1932లో మద్రాసు పత్రికల్లో నాట్యం మీద జరిగిన వాదంలో ఆమె ఆటనే తప్పు పట్టారు. అన్యాయం పిల్లను కట్టేయడంలో ఉంది. ఆట ఏం చేసింది?

ఆ ధోరణి చివరికి ఎక్కడికొచ్చిందో మా ఇంట్లో చూశాను. 1956 సవరణలో 1929 నాటి ఆలోచన ఒక్కటి కూడా లేదు. మేళం ఆపమన్నారు. ఆపాక ఏం తినాలో చెప్పలేదు. మా అమ్మమ్మ పాడిన పదాలు, జావళీలు ఆ తర్వాత పట్నాల్లో సభలెక్కాయి. వాటిని పాడినవాళ్లకు శాలువాలు కప్పారు. అందులో వాళ్ల తప్పేమీ లేదు. కానీ అవే పదాలు అమ్మమ్మ నోట తలుపులు మూసుకుని వచ్చాయి.

మన వైపు ఈ పని మీద కదిలినవాళ్లు లేకపోలేదు. 1921లో గాంధీజీ కాకినాడ వచ్చినప్పుడు ఆయన దేవదాసీలతో మాట్లాడాలని పన్నెండేళ్ల దుర్గాబాయి పట్టుబట్టింది. అయిదు వేల రూపాయలు నిధి ఇస్తే కుదురుతుందన్నారట పెద్దలు. ఆ ఆడవాళ్లే నగలు, డబ్బు పోగుచేసి ఇచ్చారు. మాట్లాడింది ఆయన, తెలుగులో చెప్పింది ఆ పిల్ల. తర్వాతి కాలంలో యామినీ పూర్ణతిలకం ఆ కులంలోనే పుట్టి, మద్రాసులో ఆడపిల్లలకు ఆశ్రయం నడిపారు. 1980ల్లో నిజామాబాదు జిల్లాలో హేమలతా లవణం జోగినీల మధ్య, అంటే గ్రామదేవత పేరు మీద కట్టేసిన ఆడవాళ్ల మధ్య, పనిచేశారు. కవి జాషువా గారి కూతురు ఆవిడ. ఆ కృషి ఊపులోనే 1988లో ఉమ్మడి రాష్ట్రంలో దేవదాసీ అంకిత నిషేధ చట్టం వచ్చింది. ఇవాళ రెండు రాష్ట్రాల్లోనూ ఉన్నది అదే.

ఇక తెలంగాణ సభ్యులకు చెబుతానన్న మాట. నేను నారాయణపేట వైపు జోగినీలకు న్యాయసహాయం చేయడానికి పోతుంటాను. అక్కడ జోగిని, అనంతపురం, కర్నూలు వైపు బసివిని, చిత్తూరు వైపు మాతమ్మ. పేర్లు వేరు, ఎక్కువమంది దళితుల ఇళ్ల ఆడపిల్లలే. వీళ్లకు మాన్యం లేదు. గుడిలో చోటు లేదు, చాలాచోట్ల గుడి గడప కూడా దాటనివ్వలేదు. ఎల్లమ్మ పేరు మీద, పోచమ్మ పేరు మీద కట్టేశారు. జాతరలో ఆడాలి, శవం ముందు ఆడాలి, మిగతా రోజులు ఊళ్లో ఎవరి బుద్ధి పుడితే వాళ్లది. ఎందుకు కట్టేశారని అడిగితే దేవుడి మొక్కు అంటారు. ఇంకాసేపు కూర్చుంటే వేరే మాట వస్తుంది. కొడుకులు లేరు. ముసలితనంలో చూసేవాళ్లు లేరు. పెళ్లి చేసి పంపిస్తే పిల్ల పోతుంది, కట్టేస్తే ఇంట్లోనే ఉంటుంది. బసివిని అయితే కొడుకు చేయాల్సిన కర్మ కూడా చేస్తుంది, ఉన్న గుడిసె ఆమెకే దక్కుతుంది. గుడి మాన్యం దగ్గర ముత్తులక్ష్మి చూసిన ముడే ఇక్కడా ఉంది. అక్కడ భూమి పోతుందన్న భయం, ఇక్కడ భూమి లేకపోవడం.

పోయిన ఏడాది అక్కడ ఒకామెతో ఒక ఆఫీసుకు వెళ్లాను. యాభై దాటిన మనిషి. కూతురు డిగ్రీ చేరాలి, కుల ధ్రువీకరణ పత్రం కావాలి. దరఖాస్తులో తండ్రి పేరు గడి ఉంది. ఆమె తన పేరు రాయమంది. కుదరదన్నారు. ఎవరి పేరైనా రాయండమ్మా, ఏదో ఒకటి రాయండి, పని జరగాలి కదా అని సలహా ఇచ్చారు. ఆ ఉద్యోగి దుర్మార్గుడు కాదు, సాయం చేద్దామనే అన్నాడు. ఆమె ఏమీ అనలేదు. చీర కొంగుతో కౌంటరు అంచు తుడుస్తూ నిలబడింది, అక్కడ దుమ్మేమీ లేదు. చాలాసేపటికి కూతురు తన మేనమామ పేరు చెప్పింది.

మేనమామ పేరు. 1956లో మండపేట దగ్గర మా అమ్మకు రాసినట్టే. రాష్ట్రాలు మారాయి, కొత్త చట్టం వచ్చింది, ఆ గడి అలాగే ఉంది.

1988 చట్టంలో ప్రధానంగా ఉన్నది నిషేధం, శిక్ష. అవసరమే, తీసేయమనడం లేదు. కట్టేసినవాణ్ణి శిక్షించాల్సిందే. కట్టేయబడిన మనిషికి ఇళ్లస్థలం, పొలం, పింఛను ఇచ్చిన సందర్భాలూ ఉన్నాయి. అయితే అవి పథకాలు. పథకం అంటే ఒక అధికారి మంచివాడైతే వస్తుంది, బదిలీ అయితే ఆగుతుంది. కొత్త ప్రభుత్వం పేరు మారుస్తుంది, జాబితా మళ్లీ మొదలవుతుంది. 1929లో ఆమె ఇప్పించింది హక్కు. శిస్తు కట్టిన రసీదు చేతిలో ఉంటే ఆ తల్లి ఎవరి దయ మీదా లేదు.

కాబట్టి మీ ముందు పెడుతున్నది పెద్ద కోరిక కాదు. మీలో ఏ ఒక్కరైనా, ఏ పార్టీ వారైనా, 1988 చట్టానికి సవరణగా ఒక అనధికార బిల్లు తెండి. అందులో రెండే మాటలు ఉండాలి. ఒకటి, జోగినిగా, బసివినిగా, మాతమ్మగా గుర్తించిన ప్రతి స్త్రీకి ఆమె పేరు మీద, ఆమె తర్వాత ఆమె పిల్లలకు వచ్చేటట్టు, భూమి గానీ ఇంటి పట్టా గానీ చట్టబద్ధమైన హక్కుగా దక్కాలి. గడువు దాటితే ఆమె కోర్టుకు వెళ్లగలగాలి. రెండు, ఆమె పిల్లల ఏ దరఖాస్తులోనైనా తల్లి పేరు ఒక్కటే చాలని చట్టంలోనే రాసి ఉండాలి. ఉత్తర్వు వద్దు, సర్క్యులరు వద్దు. కౌంటరు దగ్గర నిలబడ్డ మనిషి సెక్షన్ నంబరు చెప్పగలగాలి.

బిల్లు తెచ్చే ముందు వాళ్లతో కూర్చోండి. ఇది ముత్తులక్ష్మి చేయకుండా వదిలిన పని. నారాయణపేటలో, ఆదోనిలో, చిత్తూరు పల్లెల్లో వాళ్లకు సంఘాలున్నాయి, మాట్లాడగలరు. మొదటి అరగంట మీరిచ్చే మర్యాదకు అలవాటు పడటానికి పోతుంది, ఆ తర్వాత చెబుతారు. వాళ్లలో డప్పుకు ఆడటం ఇష్టమున్నవాళ్లు ఉంటారు, ఆ ఆట వద్దనకండి. ఎవరి ముందు ఆడాలో, ఎప్పుడు ఆపాలో వాళ్లనే నిర్ణయించుకోనివ్వండి.

అనధికార బిల్లులు ఎక్కడ నెగ్గుతాయి లెండి అంటారని తెలుసు. నెగ్గేది తక్కువే. 1926లో నామినేట్ అయి వచ్చిన సభ్యురాలు తెచ్చిన బిల్లు నెగ్గుతుందని ఎవరు అనుకున్నారు? ఆమె సభలో తీర్మానం పెట్టి ఊరుకోలేదు. పత్రికల్లో రాశారు, ఊళ్లు తిరిగారు, సంఘాల చేత తీర్మానాలు చేయించారు, గాంధీజీ చేత రాయించారు. రాజీనామా చేసిన ఏడాదే, శాసనసభ్యురాలిగా తన అనుభవాలను పుస్తకంగా అచ్చువేసి, ఏ తీర్మానానికి ఏం జరిగిందో లెక్క చెప్పారు. మీలో ఎంతమంది పదవి దిగిపోయేటప్పుడు అలాంటి లెక్క చెబుతున్నారు? కోపంతో అడగడం లేదు, చదవాలని ఉండి అడుగుతున్నాను.

2023లో వచ్చిన 106వ రాజ్యాంగ సవరణ అమలైతే ఆంధ్రప్రదేశ్‌లోని 175 స్థానాల్లో, తెలంగాణలోని 119లో మూడో వంతు ఆడవాళ్లు కూర్చుంటారు. కొత్తగా వచ్చే ఆ చెల్లెళ్లకు శిక్షణ తరగతులు పెడతారు కదా. అప్పుడు వాళ్ల చేతికి మద్రాసు శాసనమండలి 1926 నుంచి 1930 దాకా చేసిన చర్చల్లో ఆమె మాట్లాడినవి తెలుగులో అచ్చువేసి ఇవ్వండి. వాటికి ఎదురు మాట్లాడినవాళ్ల ప్రసంగాలు కూడా కలపండి. దేవదాసీల వినతిపత్రం కూడా కలపండి. ఒక చట్టం ఎలా పుడుతుందో, అందులో ఎవరి గొంతు వినబడదో అవి చదివితే తెలుస్తుంది.

ఇంకొక్క సంగతి చెప్పాలి. ఆమె సభ వదిలాక ఏం చేశారో మీలో చాలామందికి తెలిసే ఉంటుంది. దేవదాసీ ఇళ్ల నుంచి తప్పించుకొచ్చిన ఆడపిల్లలు రాత్రివేళ ఆమె గుమ్మంలో నిలబడ్డారు. ఏ హాస్టలూ వాళ్లను చేర్చుకోనంటే తన ఇంట్లోనే పెట్టుకున్నారు. అవ్వై హోమ్ అలా మొదలైంది. చెల్లెలు క్యాన్సరుతో పోయిన బాధ ముప్పై ఏళ్లు మోసి, 1954లో అడయారులో పన్నెండు మంచాలతో క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్ తెరిపించారు. నెల్లూరు నుంచి, చిత్తూరు నుంచి, కడప నుంచి మనవాళ్లు ఇప్పటికీ రైలెక్కి అక్కడికి పోతుంటారు. మా అమ్మనూ అక్కడికే తీసుకెళ్లాం, ఆరేళ్ల కిందట. బాగుపడి వచ్చింది. ఆస్పత్రిలో పెద్దావిడ ఫొటో చూసి, ఎవరమ్మా ఆవిడ అని అమ్మ అడిగింది. చెప్పాను. చాలాసేపు చూసి, ఈవిడ తెచ్చిన చట్టంలో భూమి వచ్చిందన్నావు కదా, మరి మనకెందుకు రాలేదే అంది. మనది గుడి మాన్యం కాదమ్మా, మేళం బతుకు, ఆ చట్టం మనదాకా రాలేదు అన్నాను. సరే, రానివాళ్ల కోసం మళ్లీ ఎవరూ రాయలేదా అంది.

ఈ లేఖ ఆ రోజు నుంచి రాస్తున్నాను.

సవరణ బిల్లు ముసాయిదా నేను రాసి పెట్టాను, నాలుగు పేజీలు. తప్పులుంటే దిద్దుకోండి, మీకు తోచినట్టు మార్చుకోండి, నా పేరు ఎక్కడా అక్కర్లేదు. నారాయణపేట ఆడవాళ్లు పదిహేడు మంది చదివించుకుని విని, రెండు చోట్ల మార్పులు చెప్పారు, అవీ చేర్చాను. వచ్చే సమావేశాల్లో దాన్ని చేతిలో పట్టుకుని లేచే సభ్యుడో సభ్యురాలో ఒక్కరు కావాలి.

భవదీయురాలు,
ఒక న్యాయవాది, కళావంతుల ఇంటి మనవరాలు